నూరో పేరు

"తొంబై తొమ్మిదొదినా! ఇంకొక్క పేరు దొరికితే నా బతుకు గట్టెక్కినట్టే."

కామేశ్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. వదిన ఝాన్సీలక్ష్మి జీడిపప్పు పొట్టు తీస్తోంది. పొద్దుటి నుంచీ తీస్తూనే ఉంది. గుమ్మం దగ్గర కూర్చుంటే చేటలోకి వెలుతురు పడుతుంది, మరిది మాటలూ వినబడతాయి. భర్త బాలకృష్ణ జీడి లోడుతో బరంపురం వెళ్లాడు, రేపటిగ్గానీ రాడు.

కామేశ్ చేస్తున్నది ఉద్యోగాలు వెతికిపెట్టే యాప్. పేరు ‘కొలువు’. కొత్తగా డిగ్రీలు పాసై ఖాళీగా ఉన్న పిల్లల కోసం. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ దాన్ని డిజైన్ చేసే పని ఇతనికి అప్పజెప్పి, ఒక షరతు పెట్టింది. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో గత మూడేళ్లలో డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం రానివాళ్లు నూరుమంది శనివారం సాయంత్రం ఆరులోపల అందులో పేరు ఎక్కించుకోవాలి. ఎక్కించుకుంటే కామేశ్‌కి పర్మినెంటు ఉద్యోగం. లేదంటే లేదు. చేసినవాడి పేరు లెక్కలోకి రాదు.

ఇవాళే శనివారం. నాలుగైంది.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, యాప్ మాత్రం బాగా కుదిరింది. అందులో సగం బుర్ర వదినదే. మొదట్లో ‘అనుభవం ఎన్నేళ్లు’ అని ఒక గడి పెట్టాడు. అది నింపితేగానీ ముందుకు కదలదు. ఎలాగుందో చూసి చెప్పమన్నాడు.

"నిన్నగాక మొన్న పాసైనోలకి అనుభవమేటి బాబూ? ఆ గడి కాడే ఫోను పక్కనెట్టేత్తారు," అంది ఝాన్సీ.

ఆ గడి తీసేశాడు.

ఇంకోరోజు మొదటి పేజీ బొమ్మ చూపించాడు. భుజానికి సంచి తగిలించుకుని నవ్వుతున్న అమ్మాయి.

"ఈ పిల్లకి మెళ్లో పుస్తెలు నేవేటి?"

"ఉజ్జోగం ఎతుక్కునే పిల్లొదినా, కాపరానికొచ్చిన పిల్ల కాదు!"

పకపకా నవ్వాడు. ఝాన్సీ ఇంకో పప్పు అందుకుంది.

పెరట్లో జీడిపిక్కలు ఎండబోసి వచ్చిన మహాలక్ష్మమ్మ కొడుకు పక్కన చతికిలబడింది. ఆవిడ చదివింది రెండో తరగతే. కానీ మూడు మండలాల్లో ఎవరింట్లో ఏ పిల్ల ఏ పరీక్ష ఎన్నోసారికి పాసైందో అంతా ఆవిడకి నోటికొచ్చు. వేళ్లు మడుస్తూ మొదలెట్టింది.

"అక్కుపల్లి పాపారావు కొడుకో?"

"ఎప్పుడో ఎక్కించీసినానమ్మా."

"కోటబొమ్మాలి రైలు టేసను కాడ సుష్మ? బీకామ్. పాసైననాడు మిఠాయిలు కాదు, జంతికలు పంచారు పిసినారోలు."

"అదీ అయిపోనాది."

"సోంపేట బాబూరావు రెండో కూతురు?"

"దానికి పోయిన్నెలే బేంకీలో ఉజ్జోగం వొచ్చింది."

"ఓలమ్మో! సరిగ్గా మనకి కావాల్సినప్పుడే ఉజ్జోగాలొచ్చేత్తన్నాయేటి ఈలికి!"

రెండు చేతుల వేళ్లూ రెండేసిసార్లు అయిపోయాయి. ఎరిగిన గడపలన్నీ అయిపోయాయి. ఝాన్సీ వింటూనే ఉంది. అడగందే నోరు విప్పే అలవాటు ఆమెకు తప్పి చాన్నాళ్లయింది.

"వొదినా," అన్నాడు కామేశ్ ఉన్నట్టుండి.

ఆమె చేయి ఆగింది. తల ఎత్తింది.

"ఏటి బాబూ?"

కామేశ్ ఆమె వంక ఒక్క క్షణం చూశాడు.

"కాస్త టీ ఎడతావేటి? తల పగిలిపోతంది."

లేచి స్టవ్ వెలిగించింది. నీళ్లు మరుగుతుంటే చూస్తూ నిలబడింది. ముఖంలో సంతోషం లేదు, బాధా లేదు. గిన్నె చెవులు వేడెక్కాయి. గుడ్డ పట్టుకోకుండానే దింపింది. కాలిందో లేదో ఆమెకే తెలియలేదు.

సగం టీ తాగి కామేశ్ బండి తీశాడు. పలాస బస్టాండులో పుస్తకం చేతిలో ఉన్న ప్రతివాణ్ణీ ఆపాడు. ఒకడు ఇంకా ఇంటరే. ఇంకొకడు ఒడిశా వాడు. జీడి ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడి, "మీలో డిగ్రీ పాసైనోలెవరైనా ఉన్నారేటి?" అని కేకేశాడు. ఉన్నారు, ముగ్గురు. ముగ్గురూ ముందే ఎక్కించుకున్నవాళ్లే.

సరిగ్గా ఆరింటికి కంపెనీ నుంచి ఫోను.

"తొంభై తొమ్మిదంటే తక్కువేం కాదు బ్రదర్. కానీ ముందే చెప్పాం కదా. వేరేవాళ్లని తీసుకుంటున్నాం."

ఇంటికొచ్చి బండి స్టాండు వెయ్యడం కూడా మర్చిపోయి గోడకి ఆనించాడు. అరుగు మీద కూలబడ్డాడు.

"సదువుకున్నోలకి ఇంత కరువొచ్చీసిందేట్రా ఈ ఉద్దానంలో!" అని మహాలక్ష్మమ్మ ఊళ్లన్నిటినీ కలిపి తిట్టింది.

ఝాన్సీ చెంబుతో నీళ్లు తెచ్చి మరిది ముందు పెట్టింది.

"ఊరూరూ జల్లెడ పట్టీసినానొదినా. ఒక్కరు. ఒక్కరంటే ఒక్కరు దొరకనేదు."

"నీల్లు తాగు బాబూ. అన్నం ఎట్టేత్తాను."

పద్నాలుగు నెలల కిందట ఈ ఇంటివాళ్లు ఆ ఊళ్లన్నిటా పంచిన పెళ్లి కార్డు మీద ‘చి.ల.సౌ. ఝాన్సీలక్ష్మి’ పక్కన ఆమె ఆ ఏడే పాసైన ‘ఎమ్మెస్సీ, కెమిస్ట్రీ’ అని ఉండి తీరాలని పట్టుబట్టి, ఆ అక్షరాలకు బంగారు రంగు వేసి డిజైన్ చేసింది కామేశే.