పదిహేడో నంబరు

షెఫిక కిటికీలోంచి వీధిలోకి చూసింది. కుర్చీలోంచి లేచింది. సొరుగులో ఉన్న ఒక కాగితం తీసి, కాగితాలు ముక్కలు చేసే మిషన్‌లో పెట్టింది. బీరువాకి తాళం వేసి, తాళంచెవి ఉన్న తాడు మెడలో వేసుకుంది.

"వేద్రాన్, క్లాసు ఆపు. అందర్నీ వెనక మెట్ల మీంచి కింద రొట్టెల కొట్లోకి పంపించు. ఇప్పుడే."

"ఏమైంది పెద్దమ్మా? ఇంకా అరగంట పాఠం ఉంది."

"పంపించమన్నానా!"

వేద్రాన్ పంపించాడు. తూజ్లా ఊళ్లో జర్మన్ భాష నేర్పే ఆ బడిలో ఆఫీసు పనంతా ఆవిడదే. ఆవిడ మాటకు ఎదురు లేదు. అతను పాఠాలు చెప్పడానికి చేరి ఏడు నెలలయింది. తన విద్యార్థుల అసలు పేర్లు ఇప్పటికీ తెలియవు. హాజరు పట్టీలో నంబర్లుంటాయి. క్లాసులో ఎవరికి వాళ్లు పెట్టుకున్న జర్మన్ పేర్లుంటాయి. ఏ నంబరు ఎవరిదో, వాళ్లెక్కడ ఉంటారో రాసి ఉన్న కాగితం ఒక్కటే. ఆవిడ మిషన్‌లో పెట్టింది అదే.

"మిమ్మల్ని ఉప్పు గనిలో దింపి అడిగినా గుట్టు పైకి రాదు" అని వేద్రాన్ ఆవిణ్ణి ఆటపట్టించేవాడు. ఆవిడ సొంత సంగతులూ అంతే. ఇల్లెక్కడో బడిలో ఎవరికీ తెలియదు.

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ముప్ఫై దాటిన మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

"బూట్లు తుడుచుకో" అంది షెఫిక. వచ్చిన ప్రతివాళ్లతోనూ అనే మాటే.

అతను గోనెపట్టా మీద బూట్లు తుడుచుకున్నాడు. లోపలికొచ్చి, ఎదురెళ్లిన వేద్రాన్ ముక్కు మీద పిడికిలితో గుద్దాడు.

వేద్రాన్ బల్లకి తగిలి కింద పడ్డాడు. ఆ మనిషి వంగి ఫోను చూపించాడు. అందులో ఒక ఫొటో. పోయిన వారం నలుగురు పరీక్ష పాసయ్యారు. పాసైనవాళ్లు అందరి నోళ్లూ తీపి చెయ్యడం అక్కడి ఆనవాయితీ. బక్లావా పళ్లెం చుట్టూ వాళ్లని నిలబెట్టి, తనూ పక్కన చేరి సెల్ఫీ తీసింది వేద్రానే. బడికి పేరొస్తుందని ఇంటర్నెట్‌లో పెట్టిందీ అతనే. షెఫికని అడగలేదు.

"ఏరా మాస్టారూ, మా ఆవిడ పక్కన నిలబడి పళ్లికిలించావే! ఎక్కడుంటోంది అది?"

ఫొటోలో ఆ అమ్మాయి గ్రేటా. పదిహేడో నంబరు. 'రేపు' గురించి ఒక వాక్యం రాయమంటే, 'నా భర్త నన్ను వెతికి పట్టుకుని చంపుతాడు' అని రాసింది. అందులో తప్పుల్లేవు.

"నాకు తెలీదు."

బూటు పక్కటెముకల్లో దిగింది.

"నిజంగా తెలీదు!"

ఇంకోసారి దిగింది. ఆ మనిషి షెఫిక వైపు తిరిగాడు.

"నీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పు మరి."

"అర్జీ రాసివ్వు. కోర్టు కాగితం తెచ్చి జతచెయ్యి."

"నన్నే కాగితం అడుగుతావా?"

ప్రింటర్ ఎత్తి కిటికీకేసి కొట్టాడు. అద్దం వీధిలో పడింది. ఆవిడ మెడలో తాడు పట్టుకుని లాగాడు. అది తెగేలోగా మెడ కోసుకుని రక్తం వచ్చింది. బీరువా తెరిచాడు. పదిహేడో నంబరు ఫైల్లో పరీక్ష మార్కులున్నాయి. పేరు లేదు, చిరునామా లేదు. ఫైలు చింపాడు. పక్క ఫైళ్లూ చింపాడు.

తర్వాత షెఫిక కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లు సొరుగులో పెట్టి, కాలితో సొరుగుని తన్నాడు.

"ఏ వీధి?"

మళ్లీ తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు వేద్రాన్‌కి వినిపించింది.

"చెప్పెయ్యండి పెద్దమ్మా! చంపేస్తాడు!"

"నువ్వు నోర్ముయ్" అంది షెఫిక, వేద్రాన్‌తో.

మూడోసారి తన్నాడు.

వెనక మెట్ల మీంచి రొట్టెల కొట్టువాళ్లు ఇద్దరు పైకొచ్చారు. చేతుల్లో పొయ్యిలో రొట్టెలు తీసే పొడుగాటి చెక్కలున్నాయి. ఆ మనిషి ఒకణ్ణి గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. రెండోవాడి చెక్క అతని తల మీద విరిగింది. రక్తం కారుతుండగా మెట్లు దిగి పారిపోయాడు.

అంబులెన్సువాళ్లు షెఫిక చేతికి కట్టు కడుతుంటే ఇన్‌స్పెక్టర్ నెర్మిన్ పుస్తకం తెరిచాడు. కిందటేడు ఒక విద్యార్థి వివరాల కోసం వస్తే, కోర్టు కాగితం లేదని ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి పంపిన మనిషి.

"ఇవాళా కాగితం తెమ్మంటారా పెద్దమ్మా?"

"రాసుకో. ఆద్మిర్ సుల్యాగిచ్. మార్చి పదకొండు, తొంభై మూడు. పుట్టింది ఈ ఊళ్లోనే."

వేద్రాన్ ముక్కుకి అదిమి పట్టుకున్న తువ్వాలు దించాడు. ఆవిడ నోట ఒకరి వివరాలు వినడం అతనికి అదే మొదటిసారి. గ్రేటా దరఖాస్తులో భర్త వివరాలు ఉండి ఉంటాయనుకున్నాడు.

"తండ్రి పేరు?"

"మూసా. పోయాడు."

"ఇప్పుడెక్కడికి పోయుంటాడో ఏమైనా తెలుసా?"

"పాత ఉప్పు గని వెనక పావురాల షెడ్డుంది. అక్కడ తుపాకీ దాచాడు. నలుగురు వెళ్లండి. తలుపు తట్టొద్దు, తాళంచెవి గడప పక్క ఇటుక కింద ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ తలెత్తి ఆవిణ్ణి చూశాడు. ఫారంలో ఇంకొక గడి మిగిలింది.

"తల్లి పేరు?"

"నా పేరే రాసుకో నాయనా" అంది షెఫిక.