ఎడంచేత్తో ఇచ్చిన మాత్రలు

ఇప్పుడు ఏ ఆఫీసులో చూసినా అరచేతిలో ఒదిగిపోయే కంప్యూటర్ మౌసులే. నూకరత్నానికి పాత మణికట్టు నొప్పి మాయమైంది. పిల్లికూనని పట్టుకున్నట్టు వెచ్చగా ఉంటుందది. కానీ కొన్నాళ్లుగా ఆ మౌసే చేతిని నడిపిస్తోంది. పై అధికారులకి ఇష్టంలేని చోటికి పోనివ్వదు.

ఆసుపత్రిలో రత్నం కూర్చునే మందుల కౌంటరు ముందు పైడమ్మ పిన్ని నిలబడింది. ఆమెకి గుండె మాత్రలు నిండుకున్నాయి. రత్నం తెరమీద ‘ఇవ్వు’ మీదికి చెయ్యి జరిపితే, మౌసు మెత్తగా ‘వద్దు’ వైపు తోసింది. మళ్లీ జరిపింది. మళ్లీ తోసింది.

"ఏటే, చెయ్యి అలా వణుకుతోంది? మాత్రలు నాకా, నీకా?"

రత్నం మౌసు మీంచి చెయ్యి తీసేసింది. మౌసుకి తన కుడిచెయ్యే తెలుసు. ఎడమచెయ్యి దానిమీద ఎన్నడూ వెయ్యలేదు. చిన్నప్పుడు ఎడంచేత్తో ఎవరికేమిచ్చినా అమ్మ వీపు విమానం మోత మోగించేది మరి.

"ఎడంచేత్తో ఇస్తన్నాను, ఏటీ అనుకోకు పిన్నీ."

"ఏ చేత్తోనైనా ఇయ్యే తల్లీ!"

ఎడంచేత్తో ‘ఇవ్వు’ నొక్కింది. మందుల యంత్రంలోంచి మాత్రలు జారిపడ్డాయి. పిన్ని కొంగున కట్టుకుని నవ్వుతూ వెళ్లింది.

రత్నం చెయ్యి తీయబోయింది. అప్పటికే మౌసు ఎడమ అరచేతిని కూడా నేర్చుకుంటూ, మెల్లగా కదిలి దానికి తగ్గట్టు ఒదుగుతోంది. ఎంతో హాయిగా ఉంది. ఆ హాయికే ఆమె గుండె జారిపోయింది.