నవ్వని ముఖం

"కట్," అన్నాడు హార్క్‌నెస్. అది ఎన్నోసారో అతనికే గుర్తులేదు.

లండన్ తూర్పు పేటలో, చర్చి గేటు ముందు షూటింగు. యుద్ధం ముగిసినా రేషను ముగియని రోజులు. శవపేటికలో దొంగ వెన్న దాటించే ముఠా కథ.

డైరెక్టరుగా హార్క్‌నెస్ పద్ధతి ఒకటే. హాస్య చిత్రంలో ఎవరూ హాస్యం చేయకూడదు. కెమెరా దూరంగా ఉండాలి, ముఖాలు మామూలుగా ఉండాలి. నవ్వడం ప్రేక్షకుల పని.

కానీ శవపేటిక ముందునుంచి సాగుతుంటే, దారి పక్కన నిలబెట్టిన నటుల పెదవులు ఒక్కచోట నిలవడం లేదు.

"పేటికలో వెన్న ఉందని మీకు తెలియదయ్యా. చచ్చిపోయినవాడు ఉన్నాడనుకోండి."

మళ్ళీ ఎవరో కిసుక్కుమన్నారు.

మబ్బు కమ్ముకొస్తోంది. ఈ సీను పండకపోతే సినిమాను ఇంకొకరి చేతికిస్తానని స్టూడియో యజమాని తేల్చి చెప్పాడు.

అప్పుడు కనిపించాడు, గేటు పక్కన ఒక ముసలాయన. నల్లకోటు, చేతిలో టోపీ. ముఖంలో నవ్వు జాడ లేదు.

"ఫ్రీడా, ఈయన్ని ఎవరు పిలిచారు?"

"మనవాళ్ళలా లేడు సార్. పంపించెయ్యనా?" అంది సహాయకురాలు.

"కదిలించావంటే ఊరుకోను. ఆయన ఫ్రేము మధ్యలోకి వచ్చేలా చూడండి."

షాట్ తీశారు. ముసలాయన మెల్లగా దగ్గరికొచ్చాడు.

"ఇక దారి వదులుతారా బాబూ?"

"ఇంకొక్కసారి పెద్దాయనా. మీరేమీ చెయ్యొద్దు. ఇందాకటిలాగే నిలబడండి, చాలు."

"నాకు ఆలస్యమవుతోంది."

"నా బతుకంతా దీనిమీదే ఉందండీ."

ముసలాయన హార్క్‌నెస్ ముఖంలోకి చూశాడు. వెళ్ళి మళ్ళీ గేటు పక్కన నిలబడ్డాడు.

మర్నాడు స్టూడియోలో ఆ ముక్క వేసి చూశారు. యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏం ముఖమయ్యా ఆ ముసలాడిది. సినిమా నీదే పో. వాణ్ణి ఇంకో రెండు మూడు సీన్లలో పెట్టు."

హార్క్‌నెస్ వెంటనే ఫ్రీడాను చర్చికి పంపాడు. ఆమె తిరిగొచ్చి, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"దొరికాడా?"

"పాస్టరుగారు చెప్పారు సార్, ఆయన గురించి."

"ఏ నాటకం కంపెనీ?"

ఫ్రీడా తల అడ్డంగా ఊపింది.

"నటుడు కాదు సార్. మనం దారి మూసేస్తే అవతల సందులో ఆగిపోయిన అసలు శవపేటిక బండి కోసం చూస్తూ నిలబడ్డాడట, అందులో ఉన్నది ఆయన భార్య."