ముత్తాతగారి గడప

"ఆ యంత్రం వెనక్కి వెళ్ళేదాకా నేను లేచేది లేదు!" అంటూ డ్వేన్ పాత ఇంటి గడప మీద బైఠాయించాడు.

గున్వోర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పెరట్లో పొక్లెయిన్ గుడగుడలాడుతోంది. అందులో కూర్చున్న మేనల్లుడు రూబెన్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం నుంచి అతనికి రోడ్డు పని ఉంది. ఈ పూట తప్పితే మళ్ళీ అక్టోబర్ దాటాకే, అప్పటికి నేల గడ్డకట్టుకుపోతుంది. ఆమెకున్న పొలమంతా రాళ్ళూ చిత్తడీ. ఈ కూలిపోయిన కొంప తీసేస్తే తప్ప గొర్రెల పాకకి చదునైన చోటు లేదు. కిందటి చలికాలం తడిలో వణికి వణికి నాలుగు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. ఈసారి ఒక్కటి కూడా పోవడానికి వీల్లేదని ఆమె పట్టుబట్టి ఉంది.

"చూడండి డ్వేన్ గారూ, కప్పు కూలిపోయింది. గోడలు పుచ్చిపోయాయి. మీ నెత్తిన పడితే ఎవరిది పూచీ?"

"పడనివ్వండి! మా ముత్తాత స్వెన్ ఆగస్ట్ పుట్టిన ఇల్లండీ ఇది. ఇదిగో చర్చి జననాల పుస్తకం నకలు. పాస్టరు గారు స్వదస్తూరీతో రాశారు. పద్దెనిమిది వందల యాభై రెండు, ఈ ఊరు, ఈ జాగా! ఈ కాగితం కోసం పదకొండేళ్ళు వెతికాను. తీరా అమెరికాలోని మిన్నెసోటా నుంచి వచ్చేసరికి మీరు పడగొడతారా?" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ కన్నీళ్ళు గున్వోర్‌కి కొత్త కాదు. స్వెన్ ఆగస్ట్ మునిమనవలు ఆమె వాకిట్లో దిగడం ఈ వేసవిలో ఇది మూడోసారి. ఆ మహానుభావుడు అమెరికా వెళ్ళి ఎంతమందిని కన్నాడో గాని, వచ్చినవాళ్ళకల్లా కాఫీ కాచలేక, దాల్చినచెక్క బన్నులు కాల్చలేక ఆమె నడుం విరిగిపోతోంది. గుమ్మంలోకొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండా పంపడం ఆ చుట్టుపక్కల ఎవరికీ చేతకాదు మరి. పోనీ తాగినవాళ్ళు తాగి ఊరుకుంటారా? ద్వారబంధాన్ని ముద్దు పెట్టుకోవడం ఒకటి, జ్ఞాపకానికని తలా ఓ చెక్క పీక్కుపోవడం ఒకటి.

"ఇంకో రెండు కుటుంబాలొస్తే నా యంత్రంతో పనిలేదత్తా, వాళ్ళే ఊడబీక్కుని పట్టుకుపోతారు" అన్నాడు రూబెన్, వచ్చినవాళ్ళకి అర్థం కాకుండా స్వీడిష్‌లో.

"నోర్ముయ్యరా! అసలే నాకు పిచ్చెక్కుతోంది."

ఉన్నవాళ్ళలో డ్వేన్ భార్య మార్లిస్ ఒక్కతే నయం. కాఫీ కప్పు పట్టుకుని కారుకి ఆనుకుని, మొగుణ్ణి దులిపేస్తోంది.

"లే డ్వేన్, ఇంక చాలు! ఇళ్ళదేముంది, ఉంటాయి, పోతాయి. పాపం ఆవిడ గొర్రెపిల్లల కోసం బాధపడుతుంటే, నీకు పుచ్చు దుంగలు ఎక్కువయ్యాయా?"

"రక్తసంబంధం! నీకేం తెలుస్తుంది?"

"తెలియకేం? నాలుగు రోజులుగా సమాధుల మధ్య తిప్పావుగా, మోకాళ్ళు అరిగేలా!"

గున్వోర్‌కి ఆ మనిషిని కౌగిలించుకోవాలనిపించింది. డ్వేన్ మాత్రం గడపకి అంటించినట్టు కూర్చున్నాడు.

"ఇంకో పావుగంటే అత్తా. తర్వాత నేను ఆగలేను" అని రూబెన్ కేకేశాడు.

మంచిమాటకి లొంగే ఘటం కాదిది అనుకుంది గున్వోర్. డెబ్బై రెండేళ్ళ వయసులో, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, పట్టపగలు అబద్ధమాడింది.

"మీరు బాధపడతారని ఇంతసేపూ చెప్పలేదు. ఇది ఆ ఇల్లు కాదండీ."

"కాదా? మరి పుస్తకంలో..."

"ఊరు ఇదే. జాగా ఇదే. ఇల్లు మాత్రం వేరు. మీ వాళ్ళది ఎప్పుడో కాలిపోయింది. ఇది మా మామగారు వేరే ఊళ్ళో కొని, దుంగలకి నంబర్లు వేసి, విప్పి, లారీ మీద తెచ్చి ఇక్కడ నిలబెట్టుకున్నది."

దుంగల ఇళ్ళని అలా విప్పి తెచ్చుకోవడం ఆ దేశంలో మామూలే గనక అబద్ధం అతికినట్టు సరిపోయింది. నిజానికి ఆ ఇల్లు కట్టిన నాటి నుంచి అంగుళం కదల్లేదు. ఆ సంగతి తెలిసిన రూబెన్ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

డ్వేన్ మొహం వాడిపోయింది. "అయితే ఇందాక నేను ముద్దు పెట్టుకున్నది..."

"మీ వాళ్ళది కాదు."

"మరి ఏ ఊరిది?"

ఇది ఆమె ఆలోచించి పెట్టుకోలేదు. నోటికొచ్చిన పేరు అనేసింది. "టోర్‌సెబో. ముప్ఫై కిలోమీటర్ల అవతల."

డ్వేన్ లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు. మూతి కూడా తుడుచుకున్నాడు. తల వంచుకుని కారు వైపు నడుస్తుంటే గున్వోర్‌కి జాలేసింది గాని, పాక లేక చచ్చిపోయిన నాలుగు గొర్రెపిల్లలూ కళ్ళముందు మెదిలి మనసు గట్టి చేసుకుంది.

"కానివ్వరా రూబెన్!"

పొక్లెయిన్ తొండం పైకి లేచింది.

"ఆపండి!"

ఆ కేక డ్వేన్‌ది కాదు. మార్లిస్ కప్పు పచ్చికలో పడేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చి గడప మీద కూలబడి ద్వారబంధాన్ని రెండు చేతులా వాటేసుకుంది.

"టోర్‌సెబో మా అమ్మమ్మ పుట్టిన ఊరండీ! మొన్న వెళ్ళి అడిగితే, పాత ఇళ్ళన్నీ ఎవరెవరో విప్పుకుపోయారు, ఒక్కటీ మిగల్లేదన్నారు!"