పేరు లేని ఫలితం

ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితాన్ని లలితకుమారి రెండోసారి చదివింది. ఉన్నవి నాలుగు ముక్కలే. ఈ వ్యక్తి ఎవరినీ నమ్మరు. మనసులో అనుమానం పెట్టుకుని పైకి మర్యాదగా నవ్వుతారు. ఎదుటివారు చెప్పేది వినే ఓపిక ఉండదు. భయం కలిగితే ఎవరికి ఎంత హాని చేయడానికైనా వెనుకాడరు.

ఆ వ్యక్తి పక్క గదిలోనే ఉన్నాడు.

మామూలు రోజైతే ఏదో ఒకటి చెప్పి పంపేసేది. ఇవాళ బంద్. తెలంగాణ కోసం ఊరు ఊరంతా స్తంభించిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక్క బస్సు లేదు. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద దుకాణాలన్నీ షట్టర్లు సగం దించుకుని లోపల గుట్టుగా పని చేసుకుంటున్నాయి. ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసూ అంతే. మేనేజరుగారైతే షట్టరు మీద జై తెలంగాణ పోస్టరు ఒకటి అంటించేసి, తాను హాయిగా ఇంట్లో కూర్చున్నాడు; ఆఫీసులో ఉన్నది ఆమె ఒక్కతే. ఉద్యోగానికి పిలిచినవాళ్లలో వచ్చింది ఒక్కడే, ఉపేందర్. మన్సూరాబాద్ నుంచి నడిచే వచ్చాడట. అతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, వ్యక్తిత్వ పరీక్ష రాయమని చెప్పి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. రాయడం అయిపోయి ఉంటుందని కాసేపటికి తన బల్ల దగ్గర ఆఖరి ఫలితానికి ప్రింటు నొక్కితే, ఇదిగో ఈ కాగితం.

ఈ పరీక్షలంటే ఆమెకు మహా పిచ్చి. వారపత్రిక చేతికొస్తే చాలు, కథలూ వంటలూ వదిలేసి "మీరెలాంటివారు?" అన్న పేజీ దగ్గర పెన్నుతో కూలబడే మనిషి. మనుషులు అబద్ధమాడతారేమో గానీ మార్కులు ఆడవని గట్టి నమ్మకం. పక్షపాతం రాకూడదని ఫలితం మీద పేరు వేయరు, అది హెడ్డాఫీసు పద్ధతి. అయినా ఇవాళ పేరెందుకు, వచ్చిందే ఒక్కడాయె.

గది తలుపు తెరుచుకుంది.

"మేడం, జర లోపటికొచ్చి చూస్తరా?" అన్నాడు ఉపేందర్. మర్యాదగా నవ్వాడు కూడా.

ఆ నవ్వు చూసి ఆమె బల్ల వెనక్కి జరిగింది. ఏదైనా ఉంటే అక్కణ్ణుంచే చెప్పమంది. అది కాదు మేడం అంటూ అతను రెండడుగులు ముందుకు వేశాడు. రావద్దు, ముందు వెళ్లి కూర్చో అని తన కోస్తా యాసలో కసిరింది. అతను బిత్తరపోయి ఆగిపోయాడు.

అంతలో కొత్తపేట వైపు నుంచి నినాదాలు వినిపించాయి. ఊరేగింపు వస్తోంది. ఎక్కడో అద్దం భళ్లున పగిలింది. ఉపేందర్ చెవి ఒగ్గి విన్నాడు. గబగబా వెళ్లి షట్టరును కిందికంటా లాగేశాడు. ఆఫీసంతా చీకటైంది.

"సప్పుడు చెయ్యకుండ్రి," అన్నాడు మెల్లగా. "మీ మాట బయటికి ఇనపడితె పరేషాన్ అయితది."

ఇంకేముంది, తన పని అయిపోయిందనుకుంది లలితకుమారి. ఇంట్లో ఒంటరిగా ఉన్న కూతురు కళ్లలో మెదిలింది. బాత్రూంలోకి దూరి, గడియ పెట్టుకుని, పోలీసులకు ఫోన్ చేసింది. ఉద్యమం కుర్రాడొకడు ఆఫీసులోకి జొరబడి షట్టరు మూసేశాడనీ, తనను చంపేసేలా ఉన్నాడనీ చెప్పింది. జొరబడ్డాడన్న మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

ఊరేగింపు ఆఫీసు ముందు నుంచి సాగిపోయింది. దాని వెనకే పోలీసులొచ్చారు. షట్టరెత్తి ఉపేందర్ కాలరు పట్టుకున్నారు. అలికిడి విని ఆమె బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"మేడం, జర చెప్పుండ్రి," అన్నాడతను. "నేను ఇంటర్వ్యూకు ఒచ్చిన అని చెప్పుండ్రి. కేసు పెడితె నాకు ఇగ యాడ నౌకరి రాదు."

నిజమేనా అని ఎస్సై ఆమెనడిగాడు. అవునంటే వదిలేసేలాగే ఉన్నాడు. ఆమె ఉపేందర్ ముఖంలోకి చూడలేదు. బల్ల మీది కాగితం తీసి ఎస్సై చేతికిచ్చింది.

"వచ్చింది ఇంటర్వ్యూకే సార్. కానీ ఎలాంటివాడో మీరే చదవండి. అన్నీ అతనిచ్చిన జవాబులే."

ఎస్సై చదివాడు. ఇంకోమాట అడగలేదు. ఉపేందర్‌ని వ్యాన్‌లోకి తోశారు.

వ్యాను కనుమరుగయ్యాక ఆమె గ్లాసుడు నీళ్లు గడగడా తాగింది. అమ్మయ్య, గండం గడిచింది. కంప్యూటరు ఆపేసి ఇంటికి పోదామని పక్క గదిలోకి వెళ్లింది. తెర మీద ఉపేందర్ పేరు, దాని కింద మొదటి ప్రశ్న. జవాబు లేదు. మౌసు కదిపి చూసింది. బాణం గుర్తు ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఇంకోసారి కదిపింది. అతను పాపం లోపలికొచ్చి చూడమన్నది దీన్నే.

ఆ రోజు ఆ పరీక్ష మొత్తం రాసిన మనిషి ఒక్కరే. పొద్దున ఆఫీసు తీసి, ఎవరూ రాకముందు, ఎవరూ చూడరు కదా అని అన్నిటికీ నిజమే చెబుతూ సరదాకి రాసుకున్న లలితకుమారి.