పాప ఫోన్‌కు తాళం

"ఈ పొద్దు రీల్స్ చూసింది పద్నాలుగు నిమిషాలు. బస్టాండులో ఊరికే నిలబడింది పావుగంట." కూతురి ముందే భార్యకు ఏకరువు పెట్టాడు అంజినప్ప.

శిల్పశ్రీ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నీకెట్ల తెలిసింది నాయనా?"

"నాకు తెలీకుండా నీ మీద ఈగ కూడా వాలదు. తిను."

తిరుమణి ఊళ్లో అంజినప్పకు ఇప్పుడున్నది ఆ ఒక్క గర్వమే. ఉన్న మూడెకరాలూ సోలార్ కంపెనీకి లీజుకిచ్చేశాడు. వేరుశనగ పండిన చోట ప్లేట్లు లేచాయి. వాటి గేటు దగ్గరే వాచ్‌మన్‌గా కుదిరాడు. పొలం మీద పోయిన పెత్తనమంతా కూతురి మీద చూపిస్తున్నాడు.

శిల్పశ్రీ పీయూసీ, అంటే ఇంటర్, రెండో ఏడు. మొదటి ఏడు ఫిజిక్సులో అత్తెసరు మార్కులు. పాఠాలకని కొనిచ్చిన ఫోన్ రీల్స్‌కే సరిపోతోందని అంజినప్పకు ఒళ్లు మండింది. లాక్కుందామంటే ఆన్‌లైన్ పాఠాలు పోతాయి. అప్పుడు దారి చూపించినవాడు పావగడలో మొబైల్ అంగడి పెట్టిన చందన్.

"దీనికో యాప్ ఉండాదన్నా. పిల్లల ఫోన్లో ఒకటి, పెద్దోళ్ల ఫోన్లో ఒకటి వేసేది. ఏం చూస్తాంది, యాడుండాది, ఎవురితో మాట్లాడతాంది, అంతా ఈ పక్క తెలుస్తాది. వద్దనుకున్నది ఈడి నుంచే ఆపేయొచ్చు."

పది నిమిషాల్లో పని అయిపోయింది. డబ్బులిస్తే చందన్ తీసుకోలేదు. "మన పాపే కదన్నా" అన్నాడు. ఈ కాలంలో అట్లాంటివాళ్లు ఎంతమంది ఉంటారు!

యాప్ సంగతి పాపకు తెలిశాక, పదిహేను రోజుల్లో రీల్స్ మాయమయ్యాయి. పాప పుస్తకం పట్టింది. గేటు దగ్గర తోటి వాచ్‌మన్ బోరయ్య ముందు అంజినప్ప మీసం దువ్వాడు. "పిల్లల్ని అదుపులో పెట్టుకునేది చాతకావల్లప్పా."

నెల తిరిగేసరికి, ఒక పొద్దున శిల్పశ్రీ తల్లి హొన్నమ్మను తోడు తెచ్చుకుని తండ్రి ముందు నిలబడింది.

"ఎవుడో మెసేజులు పెడతాండాడు నాయనా. పూటకో నంబరు. నేను యాడుంటే ఆడుండానని రాస్తాడు. నిన్న లైబ్రరీలో ఉంటే, ఇంకా ఎంతసేపు లైబ్రరీలో అని పెట్టినాడు. నాకు భయమైతాంది."

"యాదీ, చూపించు."

"చదివీ చదవకముందే చెరిపేస్తాడు."

అంజినప్ప పకపకా నవ్వాడు. "నువ్వు యాడుండేది నాకు తప్ప ఇంకెవురికి తెలుస్తాది? యాప్ తీపిచ్చేదానికి బాగానే కథ అల్లినావు."

దిక్కుతోచక శిల్పశ్రీ ఆ సంగతంతా స్నేహితురాలు ధనుశ్రీకి రాసుకుంది. సాయంత్రానికి అదీ అంజినప్పకు తెలిసిపోయింది. ఇంటి గుట్టు వీధిలో పెడుతుందా అని ధనుశ్రీ నంబరు ఆపించేశాడు. హొన్నమ్మ అడ్డురాబోతే, "నీ గారాబమే దాన్ని చెడిపింది" అని నోరు మూయించాడు.

ఆ తర్వాత శిల్పశ్రీ ఇంకో పని చేసింది. ఫోన్‌ను బియ్యం డబ్బాలో దాచి కాలేజీకి వెళ్లింది. వారంలో ఆ ఒక్కరోజే ఆమె నవ్వుతూ ఇల్లు చేరింది.

గడపలోనే చెంప పగిలింది.

"ఫోన్ పొద్దన్నించీ ఇల్లు కదల్లేదంట! దాన్ని ఈడ దాచిపెట్టి నువ్వు యాడ తిరుగుతాండావే? ఇంకోసారి ఫోన్ లేకుండా బయటికి పోతే కాళ్లు ఇరగ్గొడతా."

ఫోన్ పట్టుకుందని తిట్టిన నోరే అది. శిల్పశ్రీ ఏడవలేదు.

"కాలేజీ మానేస్తా నాయనా. ఇంట్లోనే ఉంటా."

"సదువు ఎగ్గొట్టేదానికి ఇదొక ఏషమా?"

మర్నాడు అంజినప్ప తన చేత్తోనే ఫోన్‌ను ఆమె బ్యాగులో పెట్టాడు. జిప్పు లాగాడు. దగ్గరుండి బస్సెక్కించాడు. కిటికీలోంచి ఆమె చూసిన చూపుకు ఒక్క క్షణం మనసు కలుక్కుమన్నా, గట్టి చేసుకున్నాడు.

సాయంత్రం బస్సు వచ్చింది. ధనుశ్రీ దిగింది. శిల్పశ్రీ దిగలేదు.

హొన్నమ్మ చెప్పులు కూడా లేకుండా సోలార్ గేటు దాకా పరిగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా, పాప రాలేదు! మధ్యాహ్నం ఏదో మెసేజి వచ్చిందంట. అది చూసి ఏడుస్తా కాలేజీ నుంచి ఒక్కతే బయటికి పోయిందంట. ధనుశ్రీ చెప్పింది. నా బిడ్డను ఎవుడేం చేసినాడో!"

"అరిసి అల్లరి చేయొద్దు. ఒక్క నిమిషంలో తెలుస్తాది యాడుండేది."

అంజినప్ప నిబ్బరంగా చొక్కా జేబులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన తన చిన్న బటన్ ఫోన్ తీసి, నంబరు నొక్కి, రోజూ సాయంత్రం అడిగినట్టే అడిగాడు: "అప్పా చందన్, మా పాప యాడుండాదో నీ ఫోన్లో రోంత చూసి చెప్పప్పా."