తలవంపు

“నాలుక చాపండి,” అంది డాక్టరమ్మ.

డ్రిల్లు మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. “తలనొప్పికి నాలుకెందుకండీ? మైగ్రేన్‌కి మాత్ర రాసివ్వండి, చాలు. ఈవిడ పోరు పడలేక వచ్చాను.”

పక్క కుర్చీలో ఆయన భార్య ముడుచుకుని కూర్చుంది. మాస్టారు విసుగ్గా నాలుక చాపాడు. ఒక అంచున పంటిగాట్లు.

“ఇవేమిటి?”

“నిద్రలో కొరుక్కుంటానేమో. పొద్దున లేచేసరికి ఉంటాయి.”

“తలనొప్పి కూడా పొద్దున్నేనా?”

“అవును. నెలకి ఒకటి రెండుసార్లు. లేస్తూనే తల పగిలిపోతుంటుంది. ఒళ్లంతా ఎవరో చితగ్గొట్టినట్టుంటుంది.”

“ఆ రోజుల్లో పక్క తడుస్తుందా?”

మాస్టారు పకపకా నవ్వాడు. “భలే పట్టారే! కానీ ఆ రోగం నాది కాదు, ఈవిడది. నలభై ఏళ్లొచ్చినా చంటిపిల్లలా పక్క తడుపుతుంది. తన బట్టలతో పోతుందా, నావీ తడిపేస్తుంది. నేను తలనొప్పితో చస్తూ ఉంటే లేపి మరీ బట్టలు మార్పిస్తుంది. మొన్న మా అక్కయ్య వాళ్లింట్లో చెప్తే పిల్లాజెల్లా పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. పనిలో పనిగా ఈవిడకీ ఓ మాత్ర రాయండి.”

భార్య మెడ ఇంకా కిందికి వాలింది.

డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టింది.

“మాస్టారూ, మైగ్రేన్, మూర్ఛ దగ్గరి చుట్టాల్లాంటివి. ఒకదాన్ని చూసి ఇంకోటనుకుంటాం. కొంతమందికి మూర్ఛ నిద్రలోనే వచ్చి పోతుంది. వాళ్లకేమీ గుర్తుండదు. నాలుక తెగుతుంది, పక్క తడుస్తుంది. తెల్లారేసరికి తెలిసేది తలనొప్పి ఒక్కటే. పరీక్షలు చేద్దాం. మందులున్నాయి, భయపడకండి.”

మాస్టారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. భార్య వైపు తిరగబోయి, తిరగలేక, బల్ల మీద కాగితాలకేసి చూస్తూ అడిగాడు. మైదానం ఆ చివరికి వినిపించే గొంతు పీలగా వచ్చింది.

“ఏమే... పక్క తడిపేది నువ్వే కదూ?”

ఆవిడ తలెత్తలేదు.

“తడిసేవి మీ బట్టలేనండీ. నలుగురిలో తిరిగే మనిషికి తలవంపులెందుకని నేనే తడిపానని చెప్పాను.”